తాడు ఉంచి చుక్కలు చెరిపేశారు

ఆకాశంలో చుక్కలు తీసేశారు. రాకెట్టును వేలాడదీసిన తాడు మాత్రం ఉంచారు.

నేను చెబుతున్న ఆకాశం ఒక పాత నలుపు తెలుపు తెలుగు సినిమాలోది. మనుషులు రాకెట్టెక్కి చందమామ మీదికి వెళ్లివచ్చే కథ. మద్రాసులో ఒక కంపెనీవాళ్లు ఆ సినిమాను ఈమధ్య బాగుచేశారు. గీతలు తుడిచి, మరకలు కడిగి, ఇంట్లో టీవీలో చూసుకోవడానికి డిస్కు చేసి అమ్ముతున్నారు. డిస్కు పెట్టె వెనకాల "మీరు అప్పట్లో చూసినదానికన్నా మిన్నగా" అని అచ్చువేశారు. అప్పట్లో నేనేం చూశానో వీళ్లకెలా తెలుసు? నన్ను అడిగారా?

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తరవాత చదివిందంతా రాజాంలో రైసుమిల్లు ఇంజను పక్కన కూర్చుని చదివిందే. ఇంజను నడుస్తున్నంతసేపూ మనిషి చేయాల్సిన పని పెద్దగా ఉండదు. చప్పుడు మారితే లేవాలి, అంతే. ఆ తీరికలో గ్రహాల గురించి, గ్రహణాల గురించి, ఆవిరి గురించి, కరెంటు గురించి, దొరికిన పుస్తకమల్లా చదివాను. చదువు ఎవరో చెబితే వచ్చినవాడికి తప్పు కనిపించినా ఊరుకునే ఓపిక ఉంటుందేమో. నాకు లేదు. పిల్లల పుస్తకంలో అమావాస్య బొమ్మ తప్పుగా వేస్తే వాళ్లకు ఉత్తరం రాశాను. బస్టాండులో కిలోమీటర్లు తప్పు రాస్తే రాశాను. జవాబు వచ్చిన ఉత్తరాలు తక్కువ.

మిల్లు మానేశాక చీపురుపల్లి వచ్చేశాం. నా భార్య మా మేనమామ కూతురే. ఇప్పటికీ నన్ను బావా అనే పిలుస్తుంది. వాళ్ల అన్న, అంటే నా బావ, రెండు వీధుల అవతల ఉంటాడు. మా అమ్మాయి విజయనగరంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ సినిమా కథ చిన్నప్పట్నుంచి నా నోట విని విని ఉన్నది కాబట్టి, డిస్కు వచ్చిందని తెలియగానే కొని, దాన్ని ఆడించే పెట్టె కూడా పట్టుకుని ఒక ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలకు దుప్పట్లు కట్టి నలుగురం కూర్చున్నాం.

బొమ్మ బాగుందంటే బాగుంది. ఉన్నమాట చెప్పాలి. ఆ రోజుల్లో ఏ సినిమా చూసినా వాన కురుస్తున్నట్టు గీతలుండేవి. ఇక్కడ ఒక్క గీత లేదు. శాస్త్రజ్ఞుడి కోటు బొత్తాలు లెక్కపెట్టుకోవచ్చు. రాకెట్టు నడిపే చోట పైలట్ లాగే పిడి సైకిలు బ్రేకుదని నాకు మొదటిసారి తెలిసింది. అయితే మొహాలు మరీ నున్నగా ఉన్నాయి. ముసలి శాస్త్రజ్ఞుడి బుగ్గ మైనం రాసినట్టుంది. మరకలతో పాటు ఆయన ముడతలు కూడా తుడిచేశారు. ఇది తప్పే అనుకున్నాను గాని పైకి అనలేదు. అమ్మాయి ముచ్చటపడి తెచ్చింది కదా.

రాకెట్టు భూమి వదిలి పైకి వెళ్లింది. ఆకాశం వచ్చింది. పలక తుడిచి ఆరబెట్టినట్టుంది. నల్లగా, ఖాళీగా.

"ఆపమ్మా" అన్నాను. అమ్మాయి ఆపింది.

"చుక్కలేవి?"

"ఏ చుక్కలు నాన్నా?"

"ఇక్కడ ఆకాశం నిండా చుక్కలుండాలి. మిలమిలమని ఆడుతూ ఉంటాయి. వాటి మధ్యలోంచి కదా రాకెట్టు పోవాలి."

బావ లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని చూశాడు. "సుక్కల్లేవు గానీ బావా, తాడున్నాది. ఇదిగో సూడు, రాకెట్టు నెత్తిమీద. గేదెని కట్టీ పలుపునాగున్నాది."

నిజమే. అప్పట్లో మాకెవరికీ కనబడని తాడు ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది.

"ఇంకోటి" అన్నాను. "రాకెట్టు తిరగబడి పోతోంది. కుడివైపు నుంచి ఎడమవైపుకి పోవాలి. వీళ్లు ఎడమ నుంచి కుడికి పంపుతున్నారు. పైలట్ గడియారం చూడు, కుడిచేతికి ఉండేది, ఎడమచేతికి వచ్చింది. ఫిలిం తిరగేసి ఎక్కించారు వీళ్లు."

అమ్మాయి నా భార్య వైపు చూసింది. నా భార్య నా వైపు చూసింది.

"నువ్వూ చూశావు కదే ఈ సినిమా" అన్నాను. "చెప్పు. చుక్కలుండేవా లేదా?"

"నాకు సుక్కలూ గిక్కలూ గుర్తులేవు బావా. రాకెట్టెక్కిన పిల్ల కట్టిన సీర గుర్తున్నాది. సందమామ మీదకెల్తూ అంత జరీ ఎందుకే దీనికని మాయమ్మ అన్నాది."

"సరే, నీ సంగతి?" అని బావనడిగాను.

"నానేటి సెప్పను? సందమామ మీద రాచ్చసుడొచ్చిన కాడ్నుంచే గుర్తు నాకు. ముందరదంతా పోయింది."

సినిమా మళ్లీ నడిచింది. తక్కినదంతా నేను చూడలేదనే చెప్పాలి. నా కళ్ల ముందు వేరే ఆకాశం ఉంది.

ఇది ఒక సినిమాలో చుక్కల గొడవే అయితే నేను ఉత్తరం రాసి మరిచిపోయేవాణ్ని. కాని మా ఇంట్లో ఇంకో సంగతి ఉంది. మా అన్నయ్య పోయేముందు మతి తప్పాడు. మొదట పేర్లు పోలేదు, దారులు పోలేదు. మొదట మొదలైంది ఇలాగే. పెరట్లో నిలబడి "ఇక్కడ కొబ్బరిచెట్టుండాలి, ఏదీ?" అనేవాడు. మా పెరట్లో కొబ్బరిచెట్టు ఎప్పుడూ లేదు. లేదంటే కోప్పడేవాడు. నరికేసి అబద్ధాలాడుతున్నారనేవాడు. ఏడాది తిరక్కుండా కన్నకొడుకునే ఎవరు బాబూ అని అడిగాడు. లేనిదాన్ని ఉందని పట్టుబట్టే ముసలివాణ్ని నా భార్య ఒకసారి చూసింది. ఆ ఆదివారం రెండోవాణ్ని చూస్తున్నానేమో అనుకుంది.

పైకి అనలేదు. అడగడం మొదలుపెట్టింది.

"మజ్జాన్నం ఏం కూర తిన్నావు బావా?"

"వండినదానివి నువ్వే మరిచిపోయావా?"

"సెప్పరాదూ."

"ఆనపకాయ."

"ఊఁ" అని లోపలికి పోయేది. సాయంత్రం మళ్లీ ఇంకొకటి. పాలబ్బాయి తండ్రి పేరేటి, మన పెళ్లికి వంటోడు ఎవరు, నిన్న ఎవరొచ్చారు. పరీక్ష పెడుతోందని నాకు తెలుసు. పెడుతున్న పరీక్షల్లో నెగ్గుతున్నానని కూడా తెలుసు. అయినా ఒక్కోసారి జవాబు చెప్పేముందు నోరు ఆగేది. ఆగినప్పుడు ఆమె చేతిలో పని కూడా ఆగేది.

అమ్మాయి ఫోనులో తిన్నగానే అంది. "నాన్నా, విశాఖపట్నంలో మంచి డాక్టరున్నారు. ఊరికే ఒకసారి చూపిద్దాం. పెదనాన్నకి ఆలస్యంగా చూపించామని అమ్మ ఇప్పటికీ బాధపడతాది."

"చుక్కలున్నాయని అన్నందుకా?"

"చుక్కలు కాదు నాన్నా. రాకెట్టు కూడా తిరగబడింది అన్నావు. గడియారం చెయ్యి మారిందన్నావు."

"సరే. ఆ కంపెనీకి ఉత్తరం రాస్తున్నాను. చుక్కలు అసలు లేవని వాళ్లు రాస్తే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. ఉన్నాయని రాస్తే ఇంక ఈ మాటెత్తొద్దు."

ఆమె ఒప్పుకుంది. నేను డిస్కు పెట్టె మీదున్న చిరునామాకు ఉత్తరం రాశాను. రెండు తప్పులూ రాశాను. "తాడు ఉంచి చుక్కలు చెరిపేసిన మీరు మిన్నగా అని ఎలా అచ్చువేశారు?" అని అడిగాను. ఘాటుగానే రాశాను. పోస్టులో వేసి వస్తుంటే ఒళ్లు తేలికపడింది.

ఆ తేలిక ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పొద్దున్న బావ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టాక అన్నాడు.

"బావా, ఆ సినిమా మనం ముందర కూకుని సూళ్లేదు."

"ముందర కూర్చోకపోతే చెట్టెక్కామా?"

"తెరెనకాల కూకున్నాం. రాత్రి నిద్దట్లో గుర్తొచ్చింది నాకు. అమ్మోరి పండక్కి నువ్వు మాయింటికొచ్చావు. వరసైనోడివి కదా, మాయూరి ఆడోళ్లు నిన్ను సూసి ఒకటే ఏడిపించడం. మా సెల్లి వాళ్ల మజ్జన కూకున్నాది. నువ్వు సిగ్గుపడిపోయి తెరెనక్కి పోయావు. తోడుకి నన్నీడ్సుకెల్లావు. పేర్లు పడ్డప్పుడు అచ్చరాలు తిరగబడి ఉంటే నువ్వు గబగబా సదివీసావు. అద్దంలో రాత సదివినట్టు. ఊరోళ్లందరికీ సెప్పుకున్నాను నాను, మా బావ తిరగేసి కూడా సదువుతాడని."

అతను చెబుతుంటే నాకూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ఏం చూశానో అంతా గుర్తుంది గాని, ఎక్కడ కూర్చుని చూశానో అది పోయింది.

ఈ తరం వాళ్లకు చెప్పాలి. అమ్మవారి పండగకు ఊళ్లో ఊరుమ్మడిగా సినిమా వేయించేవారు. వీధికి అడ్డంగా రెండు గుంజలు పాతి తెర కట్టేవారు. ముందర ఆడవాళ్లు, పెద్దలు. చోటు చాలనివాళ్లు, చుట్ట కాల్చుకునేవాళ్లు, నాలాంటి వరసైనవాళ్లు తెర వెనకాల. చాలా ఊళ్లలో తెరకు దళసరి గుడ్డ కట్టేవారు. వెనకాల కూర్చున్నవాడికి మసకనీడలే దక్కేవి. మా మేనమామ ఊరివాళ్లకు మాత్రం పంతం ఎక్కువ. పక్క ఊరికన్నా మంచి బొమ్మ పడాలని, తెరకు పొందూరు సన్న ఖద్దరు తెచ్చి కుట్టించారు. ఎంత మంచి బట్టయితే అంత మంచి బొమ్మ అనుకున్నారు. వెలుతురు ఆ సన్నబట్టలో ఆగుతుందా? సగానికి సగం అవతలికి పోయేది. డబ్బులిచ్చిన పెద్దలకు ముందర వెలిసిపోయిన బొమ్మ, వెనకాల చుట్ట కాల్చుకునేవాడికి నిగనిగలాడే బొమ్మ. ఆ సంగతి ఊరి పెద్దలకు ఎవరూ చెప్పలేదు. చెబితే వాళ్లొచ్చి వెనకాల కూర్చుంటారని.

వెనకాల కూర్చుంటే కుడి ఎడమవుతుంది. రాకెట్టు తిరగబడి పోతుంది. గడియారం చెయ్యి మారుతుంది. అంటే రెండో తప్పు కంపెనీది కాదు, నాది.

"అయితే అదొక్కటే" అన్నాను. "చుక్కలు ఎటు కూర్చున్నా చుక్కలే."

బావ ఖాళీ గ్లాసును అరుగు మీద అటూ ఇటూ తిప్పాడు. నాకు బాధ కలుగుతుందని ఆలోచించాడు. కాని అతను కూడా మా మనిషే, ఊరుకోలేడు.

"ఆ తెరగుడ్డ ఏడాదంతా పెట్టెలో పడుండీది బావా. ఎలకలు కొరికీవి. ముందర కూకున్నోడికి సిల్లు కనబడదు. ఎనకాల కూకున్నోడికి సిల్లులోంచి మిసను దీపం సూటిగా కంట్లో పడతాది. తళుక్కుమని. నువ్వు సుక్కలనుకున్నావేమో."

"చిల్లులైతే సినిమా పొడుగునా కనబడాలి కదా."

"కనబడ్డాయేమో. నీకు సందమామ కాడే గుర్తున్నాయి."

నేను మనుషులతో వాదించగలను గాని లెక్కతో వాదించలేను. ఆ మధ్యాహ్నమే పెట్టెలోంచి పాత పొందూరు పంచె తీశాను. కత్తెర మొనతో నాలుగైదు చోట్ల పొడిచి గది మధ్యలో దండేనికి కట్టాను. తలుపులు మూశాం. అటువైపు బావ టార్చిలైటు పట్టుకున్నాడు. ఇటువైపు నేను పీట వేసుకుని కూర్చున్నాను.

చుక్కలు. తళతళమని. బావ చెయ్యి వణికినప్పుడల్లా అవి మిలమిలమని ఆడాయి కూడా.

తలుపు తోసుకుని నా భార్య వచ్చింది. చిల్లులు పడ్డ పంచె చూసింది, చీకట్లో టార్చి పట్టుకున్న అన్నను చూసింది, పీట మీద నన్ను చూసింది.

"ఏటి సేస్తన్నారు మీరిద్దరూ?"

"సుక్కలు సూత్తన్నాం" అన్నాడు బావ.

"బంగారంలాటి పంచి. ఈ బావకి మతిపోయిందంటే అర్దమున్నాది. నీకేటయింది అన్నా?"

అనేసి నాలిక కరుచుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనకుండా అన్నాళ్లు కాపాడుకున్నది ఆమే. బావ టార్చి ఆర్పేశాడు. నేను నవ్వబోయాను గాని రాలేదు.

ఆ తరవాత నేను వాదించడం మానేశాను. వాదించే మొగుణ్ని అన్నాళ్లూ భరించిన మనిషికి, వాదించని మొగుడు ఇంకా భయం పుట్టించాడు. కూరల పరీక్షలు ఆపేసింది. అంతకన్నా పరీక్షలే నయమనిపించింది నాకు. పొద్దున్న పూట పెరట్లో నిలబడితే, ఎందుకు నిలబడ్డానోనని కిటికీలోంచి చూసేది. నాకు అన్నయ్య గుర్తొచ్చేవాడు. అతనికి కూడా తన మాట మీద ఇంతే నమ్మకం ఉండేది. నమ్మకం గట్టిగా ఉండటం జ్ఞాపకం నిజమైనదనడానికి సాక్ష్యం కాదు. ఇది ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేకపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లే మాట మళ్లీ నేనే ఎత్తాను. అమ్మాయి నెమ్మదిగా, "నీ ఉత్తరానికి జవాబు రానీ నాన్నా, అలా కదా అనుకున్నాం" అంది. ఆమె గొంతులో జాలి విని నాకు మంటెక్కింది. ఆ మంట వచ్చినందుకు లోపల కొంచెం సంతోషం కూడా వేసింది, నేనింకా నేనేనని.

జవాబు వచ్చింది. పోస్టుమేను సైకిలు దిగకుండానే అరుగు మీదికి విసిరే మనిషి, ఆ రోజు మందంగా ఉందని దిగి చేతికిచ్చాడు. ఉత్తరంతో పాటు ఏదో ఫోటో ఉంది. నేను అరుగు మీదే చించాను. ఒకసారి చదివాను. ఫోటో చూశాను. మళ్లీ చదివాను. తరవాత లోపలికి వెళ్లి, బియ్యం ఏరుకుంటున్న నా భార్య చేటలో పెట్టాను.

ఆమె చదవడం నెమ్మది. పెదవులు కదుపుతూ చదువుతుంది. చివరి దాకా వచ్చేసరికి పెదవులు ఆగిపోయాయి. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కాసేపటికి రెండూ అయ్యాయి.

"మా అన్నని పిలు" అంది. "పిలిసి సదివించు. సిల్లులట, సిల్లులు."

బావ వచ్చాడు, చదివాడు, ఫోటోను వెలుతురుకెత్తి చూశాడు. "సిల్లులే కదా మరి. నానన్నదీ అదే" అన్నాడు. ఓడిపోయి కూడా ఒప్పుకోని మనిషిని చూస్తే ఎంత హాయిగా ఉంటుందో ఆ పూట తెలిసింది. అమ్మాయికి ఫోను చేశాం. చదివి వినిపించమంది. మా ఆవిడే చదివింది, నన్ను చదవనివ్వలేదు. అమ్మాయి చివరి ముక్క రెండోసారి చదివించుకుంది. తరవాత, "ఆ రాకెట్టు మాత్రం నువ్వే తిప్పేశావన్నమాట" అంది. ఆ ముక్క అనడానికి దానికి ధైర్యం వచ్చిందంటే భయం పోయినట్టే.

ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటూ, అడక్కుండానే, "పొద్దున్న ఇడ్లీలోకి వేరుశెనగ చట్నీ. నిన్న వంకాయ. మొన్న చారు ఒక్కటే, నీకు ఒంట్లో బాగోలేక" అని చెప్పాను. "తిను బావా" అంది.

ఒక్క విషయం ముల్లులా ఉండిపోయింది. మా అన్నయ్య అడిగిన కొబ్బరిచెట్టు. ఆ స్థలం మా నాన్న కొనకముందు ఎవరిదో, అక్కడ ఏముండేదో, అన్నయ్యను చంకనేసుకుని ఎవరైనా ఆ స్థలం చూపించారో, మాకు తెలియదు. అతను నాకన్నా చాలా పెద్దవాడు. లేదన్నాం, అంతే. లేదని మాకెలా తెలుసు? అతని తరఫున ఎవరికీ రాసి అడగలేదు.

ఇక ఆ జవాబు. రాసినవారి పేరు వదిలేసి, తక్కినది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"అయ్యా, నమస్కారం. మీ ఉత్తరం మా గదిలో అందరం చదివాం. మొదట కొంత కోపం వచ్చింది. తరవాత అసలు నెగటివు బయటికి తీసి చూశాం. మీరు చెప్పినట్టే ఆకాశం నిండా చుక్కలున్నాయి. ఫిలింలో ఒక ఫ్రేము, అంటే ఒక బొమ్మ, ఫోటో తీసి పంపుతున్నాం. అప్పటివాళ్లు నల్ల గుడ్డకు సూదితో చిల్లులు పొడిచి, వెనకాల దీపం పెట్టి ఆ చుక్కలు తయారుచేశారు. గాలికి గుడ్డ కదిలినందువల్ల ఏ చుక్కా ఒక బొమ్మలో ఉన్నచోట పక్క బొమ్మలో లేదు. అలా చోటు నిలవని తెల్లటి మచ్చను దుమ్ముగా లెక్కకట్టి తుడిచేయడం మా యంత్రం పని. తాడు ప్రతి బొమ్మలోనూ ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఆ నల్లటి ఆకాశం చూసి ఎంత శుభ్రంగా వచ్చిందోనని మేమూ మురిసిపోయాం. తప్పు యంత్రానిదే కాదు, మాది కూడా. ఆ భాగం మళ్లీ చేస్తున్నాం. కొత్త డిస్కు మీకు పంపిస్తాం. పెట్టె మీది వాక్యం కూడా తీసేస్తున్నాం.

"రాకెట్టు మాత్రం నెగటివులోనూ ఎడమ నుంచి కుడికే పోతోంది. గడియారం ఎడమచేతికే ఉంది. చుక్కల విషయంలో ఇంత కచ్చితంగా గుర్తున్నవారు ఇందులో ఎలా పొరబడ్డారని మేమంతా చాలాసేపు ఆలోచించాం. ఒక్క కారణమే తోచింది. తప్పయితే మన్నించండి. మీరు తెర వెనకాల కూర్చుని చూశారా?"